1812లో నెపోలియన్ సైన్యం: మంచు పడకముందే మూడొంతులు ఎక్కడికి పోయింది?

పాతపటం (ప్రశ్న)

ఫ్రెంచ్ ఇంజనీరు షార్ల్ జోసెఫ్ మినార్ 1869లో గీసిన పటం ఇక్కడ చాలామంది చూసే ఉంటారు. నెపోలియన్ 1812లో రష్యా మీదికి వెళ్ళి వచ్చిన దారి అది. సైన్యం ఎంత ఉంటే గీత అంత వెడల్పు. రష్యా సరిహద్దులోని నీమన్ నది దాటేటప్పుడు 4,22,000. మాస్కో చేరేసరికి 1,00,000. తిరిగి నీమన్ దాటింది 10,000.

పోటీ పరీక్షల నోట్సులన్నిట్లోనూ ఒకటే వాక్యం: రష్యా చలికి నెపోలియన్ ఓడిపోయాడు. కానీ నది దాటింది జూన్ 24న, మాస్కోలో అడుగుపెట్టింది సెప్టెంబర్ 14న. అంతా ఎండాకాలమే. ఆ మధ్యలో చెప్పుకోదగ్గ పెద్ద యుద్ధాలు స్మొలెన్‌స్క్, బొరొడినో రెండే. మరి మూడు లక్షల పైచిలుకు మంది ఏమైపోయారు? "ఆకలి, రోగాలు" అని ఒక్క ముక్కలో తేల్చకుండా, బండికి ఎంత బరువు, గుర్రానికి ఎంత మేత, లెక్క ఎక్కడ తప్పిందో తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి.

ఇంకో చిన్న అనుమానం. పటం అడుగున ఉష్ణోగ్రతల గీత తిరుగు ప్రయాణానికే ఉంది, వెళ్ళేటప్పటిది లేదు. ఎందుకని?

గుర్రపులాడం

మనుషుల సంగతి తర్వాత. ముందు గుర్రాల లెక్క వేద్దాం, సమాధానం అక్కడే ఉంది.

ఆ సైన్యం వెంట లక్షన్నరకు పైగా గుర్రాలున్నాయి. రౌతులవి, ఫిరంగి బళ్ళవి, సరంజామా బళ్ళవి, అధికార్లవి అన్నీ కలిపి. పనిచేసే గుర్రానికి రోజుకి సుమారు 9 కిలోల మేత కావాలి, సగం ఓట్స్ గింజ, సగం ఎండుగడ్డి. లక్షన్నర గుర్రాలకి రోజుకి 1,350 టన్నులు. ఫ్రెంచ్ సైన్యంలో నాలుగు గుర్రాల పెద్ద బండి మోసేది 1,500 కిలోలు. అంటే ఒక్క రోజు మేతకి 900 బళ్ళు. 20 రోజులకి 18,000 బళ్ళు. వాటిని లాగడానికి మళ్ళీ 72,000 గుర్రాలు, వాటికి మళ్ళీ మేత. ఇది తెగే లెక్క కాదు.

ఈ సంగతి నెపోలియన్‌కి తెలియక కాదు. అందుకే మనుషుల తిండి మాత్రమే వెంట తీసుకెళ్ళాడు: 24 రోజులకి సరిపడా, 4 రోజులది సైనికుడి వీపున, 20 రోజులది బళ్ళలో. గుర్రాల మేత దారిలో పొలాల నుంచి కోసుకోవాలి. దండయాత్ర జూన్ ఆఖరుకి జరిగింది కూడా ఇందుకే, అప్పటికి గడ్డి ఎదుగుతుంది కాబట్టి. మేలో బయల్దేరి ఉంటే నెల కలిసొచ్చేదని తేలిగ్గా అంటారు గాని, మే మొదట్లో లిథువేనియా పొలాల్లో కోయడానికి ఏముంటుంది?

తేడా మొదలైంది ఇక్కడే. ఎండుగడ్డి నాలుగైదు కిలోలు చాలిన చోట పచ్చిగడ్డి అయితే దానికి మూడు నాలుగు రెట్లు పడాలి, అందులో బరువంతా నీళ్ళే కదా. అంత మెయ్యాలంటే గంటలు పడుతుంది. తెల్లవారుజామున జీను వేసి, రాత్రి పొద్దుపోయాక దించితే గుర్రం మేసేది ఎప్పుడు? ముందు నడిచిన దళం రోడ్డుకి రెండువైపులా ఊడ్చేస్తుంది. రెండో దళం పక్కకి ఐదారు కిలోమీటర్లు పోవాలి, మూడోది ఇంకా దూరం. మేత కోసం తిరగడమే గుర్రానికి అదనపు నడక. చివరికి ఇంకా పాలమీదున్న రై (గోధుమలాంటి ధాన్యం) చేలు కోసి పెట్టారు. గుర్రం వాంతి చేసుకోలేదు, దాని శరీరం తీరే అంత. పచ్చి గింజ కడుపులో పులిసి ఉబ్బితే శూల వచ్చి కొన్ని గంటల్లో పడిపోతుంది. ఇళ్ళ కప్పుల మీది గడ్డి పీకి పెట్టిన చోట్లూ ఉన్నాయి.

దీనికి తోడు వాన. జూన్ 29 ప్రాంతంలో, విపరీతమైన ఎండ తర్వాత చల్లటి కుండపోత. కోవ్నో (ఇప్పటి కౌనస్)–విల్నా (ఇప్పటి విల్నియస్) రోడ్డు మీద ఆ కొద్ది రోజుల్లో చచ్చిన గుర్రాలకి 10,000 అనే అంకె ఎక్కువగా కనిపిస్తుంది. ఖచ్చితంగా లెక్కపెట్టినవాళ్ళు ఎవరూ లేరు, కానీ వేలల్లో అన్నదానిలో ఎవరికీ అభిప్రాయభేదం లేదు. పెద్ద బళ్ళు పడమటి ఐరోపా రాళ్ళ రోడ్లకి చేసినవి. లిథువేనియా ఇసుక దారిలో, వాన పడ్డాక బురదలో, ఇరుసు దాకా దిగబడ్డాయి. 600 కిలోలు మోసే తేలిక బళ్ళు కొంత నయం, అవి సరిపడా లేవు.

బండి నడిచిందే అనుకోండి, అప్పుడైనా ఎంత మిగులుతుంది? నాలుగు గుర్రాలకి రోజుకి 36 కిలోలు. పోవడానికి 10 రోజులు, ఖాళీగా రావడానికి 10 రోజులు. దారిలో గడ్డి దొరకకపోతే 720 కిలోలు ఆ గుర్రాలే తినేస్తాయి. సైన్యానికి చేరేది 780 కిలోలు, మనిషికి రోజుకి కిలో చొప్పున 780 మందికి ఒక్క రోజు తిండి. సైన్యం ఇంకో పది రోజుల దూరం ముందుకు పోయిందంటే ఆ బండి వల్ల ఉపయోగం దాదాపు సున్నా. డాన్‌జిగ్, కోనిగ్స్‌బర్గ్ రేవుల గిడ్డంగుల్లో పిండి కావలసినంత ఉంది. నీమన్ మీద పడవల్లో కోవ్నో దాకా బాగానే వచ్చింది. అక్కణ్ణుంచి విల్నాకి విలియా నదిలో తేవాలి. అది లోతు తక్కువ, పడవలు ఇసుకలో ఆగిపోయాయి.

విల్నా జూన్ 28న దొరికింది. నెపోలియన్ అక్కడ జూలై 16 దాకా కూర్చున్నాడు. సోమరితనం అని రాసేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. వెనక బళ్ళు రాలేదు. వంద దాకా ఫిరంగుల్ని లాగే గుర్రాల్లేక అక్కడే వదిలెయ్యాల్సి వచ్చింది. ఈలోపు రష్యన్ సేనాని బార్క్లే సైన్యం చేతికి అందనంత దూరం పోయింది.

నెపోలియన్ రౌతు దళాల అధిపతి మ్యూరా రౌతుల్ని ఎప్పుడూ జీను దించకుండా ముందు నడిపించేవాడు. గుర్రాలు ఎందుకు నీరసించాయని అడిగితే జనరల్ నాన్సూటీ, మనిషి రొట్టె లేకుండా నడుస్తాడు గాని గుర్రానికి దేశభక్తి ఉండదు అన్న అర్థంలో జవాబిచ్చాడని చెబుతారు. మాస్కో చేరాక గుర్రాల్లేని రౌతులతో కాలిబంట్ల దళాలు కట్టారు. అప్పటికింకా ఒక్క మంచు రేకు కూడా పడలేదు.

లెక్కలమేడ

గుర్రపులాడం గారి లెక్క బాగుంది. అయితే పాతపటం గారూ, మీ "మూడు లక్షల పైచిలుకు" మొత్తాన్నీ చావుల కింద వెయ్యకండి. మినార్ పటంలోనే పక్కకి చీలిన పాయలున్నాయి. నీమన్ దాటగానే 22,000 ఉత్తరానికి, తర్వాత 60,000 పొలోత్‌స్క్ వైపు. ఆ రెండూ తీసేస్తే ప్రధాన పట్టీలో ఉండాల్సింది 3,40,000. విటెబ్‌స్క్ దగ్గర అతను వేసింది 1,75,000. తేడా 1,65,000. అది అయిదు వారాల్లో పోయిన సంఖ్య. విటెబ్‌స్క్ చేరింది జూలై 28న, అప్పటికి పెద్ద యుద్ధమే జరగలేదు.

ఇందులోనూ అందరూ చచ్చినవాళ్ళు కారు. తిండికోసం దారి తప్పి ఊళ్ళమీద పడ్డవాళ్ళు, పారిపోయినవాళ్ళు, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళు, విల్నా, మిన్‌స్క్ లాంటి చోట్ల కాపలాకి ఉంచినవాళ్ళు కలిసే ఉన్నారు. ఫ్రెంచివాళ్ళు కాక పోలిష్, జర్మన్, ఇటాలియన్, డచ్ దళాలు సగం పైనే, ఎవరి చిట్టా వాళ్ళది. ఇంకోటి: దావూ, జెరోమ్ దళాలు దక్షిణంగా మిన్‌స్క్, మొగిలేవ్ మీదుగా వెళ్ళి తర్వాత కలిశాయి. సైన్యం తరిగిపోవడం కంటికి బాగా కనబడాలని, అవి మొదట్నుంచీ ప్రధాన సైన్యంతోనే నడిచినట్టు గీశానని మినార్ తనే పటం మీద రాసుకున్నాడు. కాబట్టి ఏ ఊరి దగ్గర అంకె అయినా ఒక అంచనా అనుకోవాలి తప్ప హాజరు పట్టీ అనుకోకూడదు.

ఉష్ణోగ్రతల గీత గురించి. చలి ప్రభావాన్ని చూపించడమే అతని ఉద్దేశం అనుకోవాలి, అందుకే వెనక్కి వచ్చేటప్పటికే గీశాడు. మాస్కో నుంచి నీమన్ దాకా ఆ గీతని కుడి నుంచి ఎడమకి చదవాలి. అందరూ పొరబడేది కొలమానం దగ్గర. అవి సెల్సియస్ డిగ్రీలు కావు, రోమ్యూర్. నీటి మరుగు స్థానం అందులో 80. సెల్సియస్‌కి మార్చాలంటే 1.25తో గుణించండి. నవంబర్ 9న మైనస్ 9 అంటే మన లెక్కలో మైనస్ 11. నవంబర్ 14న మైనస్ 21 అంటే మైనస్ 26. డిసెంబర్ 6న మైనస్ 30 అంటే మైనస్ 37.5.

తేదీల్లోనూ ఇలాంటి మెలిక ఉంది. రష్యావాళ్ళది అప్పటికింకా జూలియన్ క్యాలెండర్, 12 రోజులు వెనక. బొరొడినో మనకి సెప్టెంబర్ 7, వాళ్ళ కాగితాల్లో ఆగస్టు 26. రెండు రకాల పుస్తకాల నుంచి తేదీలు కలిపి రాసే వీడియోల్లో సైన్యం ఒక ఊరికి చేరకముందే అక్కడ యుద్ధం అయిపోతూ ఉంటుంది.

ఈశాన్యగాలి

పై రెండు సమాధానాల్లో తప్పేం లేదు గాని, "చలి కట్టుకథ" అనే కొత్త ఫ్యాషన్ వైపు మరీ ఒరిగిపోతున్నట్టుంది. మాస్కో వెళ్ళేటప్పుడు చంపింది మేత కరువు, రోగాలు. సరే. మాస్కో నుంచి బయల్దేరిన లక్ష మంది సంగతి వేరు.

దీనికి నికార్సయిన రుజువు ఫ్రెంచ్ జనరల్ లువజోన్ డివిజన్. పడమటి నుంచి కొత్తగా వచ్చింది, మాస్కో మొహం చూడలేదు, యుద్ధం చెయ్యలేదు. దాదాపు 10,000 మంది. తిరిగొస్తున్న సైన్యానికి ఎదురెళ్ళమని డిసెంబర్ మొదట్లో విల్నా నుంచి అష్‌మ్యానీ వైపు పంపారు. దూరం 50 కిలోమీటర్ల చిల్లర. మైనస్ 30 దాటిన ఆ కొద్ది రోజుల్లో వాళ్ళలో మూడోవంతు కూడా మిగల్లేదు. వీళ్ళని చంపింది పచ్చి రై కాదు కదా.

రష్యన్ల వైపు చూడండి. కుతుజోవ్ తరూతినో నుంచి కదిలినప్పుడు లక్ష దరిదాపుల్లో ఉన్నాడు. సొంత దేశం, వెనక కాలూగా గిడ్డంగులు, ఒంటిమీద గొర్రెతోలు కోట్లు. విల్నా చేరేసరికి ప్రధాన సైన్యంలో మిగిలింది 30,000 లోపు. రోగం, చలి, నడక వాళ్ళనీ వదల్లేదు.

అయితే చలి ఇంతగా ఎందుకు పనిచేసిందంటే మాత్రం మళ్ళీ గుర్రం దగ్గరికే రావాలి. ఫ్రెంచ్ గుర్రాలకి ఎండాకాలపు లాడాలు, చదునుగా ఉండేవి. గడ్డకట్టిన నేల మీద నడవాలంటే లాడానికి అడుగున మొనదేలిన మేకులు ఉండాలి, అరిగినప్పుడల్లా మార్చాలి. వాటికి ముందే ఇనుము, బొగ్గు, కమ్మరులు సిద్ధం చేసుకోవాలి. నెపోలియన్ గుర్రాల వ్యవహారం చూసే కొలాంకూర్, చక్రవర్తి లాయంలోని గుర్రాలకి ముందుచూపుతో కొట్టించాడు, పోలిష్ రౌతులు తమ అలవాటు కొద్దీ కొట్టించుకున్నారు. మిగతావాటికి లేవు. నవంబర్ 6న మంచు మొదలయ్యాక ప్రతి గట్టు దగ్గరా ఇదే తంతు: ఫిరంగి గుర్రాలు వాలులో జారి మోకాళ్ళ మీద పడతాయి, లేపడానికి పది మంది చేరతారు, లేచినది మళ్ళీ జారుతుంది, జట్టులో ఒకదానికి కాలు విరుగుతుంది, ఫిరంగిని పక్కకి తోసేస్తారు. విల్నా దాటాక పొనారీ గుట్ట దగ్గర మిగిలిన ఫిరంగులూ ఖజానా బళ్ళూ ఇలాగే పోయాయి. అదేమీ పెద్ద కొండ కాదు, గడ్డకట్టిన చిన్న ఎత్తు, అంతే.

రోగాల మీద ఒక మాట. 2001లో విల్నియస్‌లో పాత సోవియట్ బారకాసుల చోట తవ్వుతుంటే 3,000కు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. 2006లో వచ్చిన పరిశోధనలో పేల అవశేషాల్లో, పళ్ళలో టైఫస్, ట్రెంచ్ జ్వరం క్రిముల ఆనవాళ్ళు దొరికాయి. 2025లో అక్కడివే ఇంకో 13 మంది పళ్ళు కొత్త పద్ధతిలో చూస్తే టైఫస్ కనబడలేదు, పారాటైఫాయిడ్, పేల వల్ల తిరగబెట్టే జ్వరం కనిపించాయి. టైఫస్ లేదని దీన్నిబట్టి కొట్టెయ్యలేం, చూసింది 13 మందినే. పైగా ఇవి డిసెంబర్‌లో పోయినవాళ్ళ ఎముకలు. జూలైలో లిథువేనియాలో జరిగినదానికి వీటిని సాక్ష్యంగా తేవడం కుదరదు.

పాతపటం

అందరికీ ధన్యవాదాలండి. రోమ్యూర్ సంగతి బొత్తిగా తెలీదు. లెక్కలమేడ గారూ, నవంబర్ 14కే మైనస్ 26 అంటున్నారు. మరి నవంబర్ 26 నాటికి, తిరుగు దారిలో దాటాల్సిన బెరెజినా నది గట్టిగా గడ్డకట్టి ఉండాలి కదా? మంచు మీద నడిచి దాటకుండా వంతెనలు ఎందుకు కట్టాల్సి వచ్చింది?

వంతెనమేస్త్రి

ఆ నది దగ్గర చలి తక్కువై ఇబ్బంది పెట్టింది. నవంబర్ మూడో వారంలో మంచు కరిగి, నదిలో గడ్డలు తేలుతూ ప్రవాహం పెరిగింది. గట్లు బురద. గట్టిగా గడ్డకట్టి ఉంటే ఫిరంగులతో సహా దాటేవాళ్ళు.

బొరీసోవ్ దగ్గరున్న ఒక్క వంతెనా రష్యన్ల చేతికి పోయి కాలిపోయింది. ఫ్రెంచ్ జనరల్ కార్బినో రౌతులు ఎగువన స్తుద్యాంకా అనే ఊరి దగ్గర ఒక రేవు కనిపెట్టారు. అక్కడ లోతు సుమారు రెండు మీటర్లు, వంతెన కట్టాల్సిన పొడవు దాదాపు 100 మీటర్లు. రష్యన్ సేనాని చిచాగోవ్‌ని బొరీసోవ్‌కి దిగువన దాటబోతున్నట్టు నమ్మించారు. అతను అటు కదిలాడు, ఇటు ఫ్రెంచ్ వంతెన దళాల అధిపతి ఎబ్లే పని మొదలుపెట్టాడు.

ఇక్కడ ఒక చిన్న నిర్ణయం గురించి చెప్పాలి. దీనికి కొన్ని రోజుల ముందు ఓర్షాలో, గుర్రాలు ఫిరంగులకి కావాలని, పడవల వంతెన సామగ్రి మొత్తం తగలబెట్టమని నెపోలియన్ ఆదేశించాడు. జనరల్ ఎబ్లే పడవలు కాల్చాడు గాని రెండు కమ్మరి బళ్ళు, రెండు బొగ్గు బళ్ళు, ఆరు పనిముట్ల బళ్ళు మాత్రం దాచుకున్నాడు. ఆ పది బళ్ళు లేకపోతే నెపోలియన్ కథ బెరెజినా ఒడ్డునే ముగిసేది.

పడవలు లేవు కాబట్టి చెక్క చట్రాల వంతెన. ఊళ్ళో ఇళ్ళు విప్పి దూలాలు తీశారు. పద్ధతి ఇది: పైన అడ్డదూలం, కింద ఏటవాలుగా కాళ్ళు, ఆ చట్రాన్ని నీళ్ళలో నిలబెట్టడం, తర్వాత నాలుగైదు మీటర్ల దూరంలో ఇంకోటి, రెంటి మీదా పొడుగు దూలాలు, పైన పలకలు. ఒక్కో వంతెనకి 23 చట్రాలు. నది అడుగు ఎక్కడికక్కడ ఎత్తుపల్లాలు కాబట్టి కాళ్ళ పొడవు ఒక్కోదానికీ వేరు. కొలత తీసి, ఒడ్డున కోసి, నీళ్ళలోకి మోసుకెళ్ళి నిలబెట్టాలి. సుమారు 400 మంది వంతెన దళంవాళ్ళు, ఇంకొందరు సాపర్లు (సైన్యంలో కట్టుబడి పనులు చేసేవాళ్ళు) ఛాతీ లోతు నీళ్ళలో, తేలివచ్చే మంచుగడ్డల్ని పక్కకి నెడుతూ పనిచేశారు.

26 ఉదయం మొదలుపెడితే మధ్యాహ్నం ఒంటిగంటకి మొదటిది తయారు, కాలిబంట్లకి. నాలుగు గంటలకి రెండోది, ఫిరంగులకీ బళ్ళకీ. ఇబ్బంది పెట్టింది రెండోదే. అడుగు బురద, చట్రానికి కింద వెడల్పాటి పాదం లేదు. బరువైన బండి దొర్లినప్పుడల్లా కాళ్ళు దిగబడతాయి, ఒక చట్రం కుంగితే పై దూలాలు ఒరుగుతాయి. రెండు రోజుల్లో మూడుసార్లు విరిగింది. మొదటిసారి ఆ రాత్రి ఎనిమిది గంటలకే. ప్రతిసారీ మంట దగ్గర అప్పుడే ఒళ్ళు కాచుకుంటున్నవాళ్ళని లేపి మళ్ళీ నీళ్ళలోకి దింపాలి. వాళ్ళని ఒప్పించడానికి యాభై దాటిన ఎబ్లే తనే ముందు దిగేవాడు. ఆ 400 మందిలో బతికి బయటపడ్డవాళ్ళు బహు కొద్దిమంది. ఎబ్లే కూడా ఏడాది ఆఖర్లో కోనిగ్స్‌బర్గ్‌లో చనిపోయాడు.

28 రాత్రి వంతెనలు ఖాళీగానే ఉన్నాయి. దళాల నుంచి విడిపోయి ఈవలి ఒడ్డున చలిమంటలు వేసుకున్న వేలమందిని దాటమని బతిమాలినా కదల్లేదు. 29 పొద్దున తొమ్మిది లోపు ఎబ్లే నిప్పు పెట్టించాడు, రష్యన్లు అప్పటికే వచ్చేస్తున్నారు. అప్పుడు మేలుకుని వంతెన మీదికి పరుగెత్తారు.

విచిత్రం చూడండి: ఆ తర్వాత రెండు మూడు రోజుల్లోనే చలి మళ్ళీ బిగిసింది. అప్పటికి బెరెజినా దాటడం అయిపోయింది.

మంజీరతీరం

చలికాలంలో రష్యా మీదికి పోవడం అసాధ్యం అనుకునేవాళ్ళకి బాతూ ఖాన్ సమాధానం. మంగోలులు కావాలనే చలికాలం ఎంచుకున్నారు. ర్యాజాన్ 1237 డిసెంబర్‌లో, వ్లాదిమిర్ 1238 ఫిబ్రవరిలో పడ్డాయి, సీత్ నది యుద్ధం మార్చి 4న. గడ్డకట్టిన నదులే రోడ్లు, అడవి నరకక్కర్లేదు, బురద లేదు. స్టెపీ (గడ్డి మైదానాల) గుర్రం గిట్టతో మంచు తవ్వి కింది గడ్డి తింటుంది, ఓట్స్ అడగదు. రౌతుకి మూడు నాలుగు గుర్రాలు, మార్చి మార్చి ఎక్కుతాడు. నొవ్‌గొరోద్ చేరువకి వెళ్ళి మార్చిలో వెనక్కి తిరిగారు. మంచు కరిగి చిత్తడి మొదలవుతుందనే కారణమే ఎక్కువమంది చెబుతారు. నెపోలియన్‌కి చలి అడ్డు, వీళ్ళకి వసంతం అడ్డు.

మన దక్కన్‌లో మేత సమస్యని ఇంకోలా తీర్చారు, మన లంబాడీల ద్వారా. మొగలుల దగ్గర్నుంచి ఈస్టిండియా కంపెనీ దాకా పెద్ద సైన్యాలకి ధాన్యం తెచ్చింది బంజారా తాండాలే. బండి లేదు, ఎద్దు వీపు మీదే గోనె, ఒక్కోదాని మీద క్వింటా అటూ ఇటూ. రోడ్డు అక్కర్లేదు. ఎద్దులు దారిలో మేస్తూ నింపాదిగా నడుస్తాయి, రోజుకి పది కిలోమీటర్లు వస్తే ఎక్కువ. సైన్యం ధాన్యాన్ని మోసుకురాదు, శిబిరం బజారులో కొనుక్కుంటుంది. నష్టం వస్తే వ్యాపారిది. కాబట్టి సేనాని చెయ్యాల్సింది రెండే పనులు: రొక్కం చూపించడం, తాండాల దారి కాపాడడం.

ఇది లేకపోతే ఏమవుతుందో 1791 మేలో కార్న్‌వాలిస్‌కి తెలిసింది. శ్రీరంగపట్నం దగ్గర అరకెరెలో టిప్పు సైన్యాన్ని వెనక్కి నెట్టాడు, కోట కనిపిస్తూనే ఉంది. ఎద్దులు చచ్చిపోయాయి, టిప్పు చుట్టుపక్కల మేత తగలబెట్టించాడు, వానలు పడ్డాయి. కోట గోడలు కొట్టడానికి లాక్కొచ్చిన పెద్ద ఫిరంగుల్ని తనే పగలగొట్టించి బెంగళూరుకి తిరుగుముఖం పట్టాడు. మళ్ళీ 1792 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు వెనక బంజారా ధాన్యం బారులు తీరి ఉంది, కొన్ని వారాల్లో టిప్పు సంధికి వచ్చాడు.

ఔరంగజేబుదీ చెప్పాలి. 1687లో గోల్కొండ ముట్టడిలో వానలకి మంజీర పొంగి ధాన్యం రాక మొగల్ శిబిరంలోనే కరువొచ్చింది. అయినా కదలకుండా జనవరి నుంచి సెప్టెంబర్ దాకా కూర్చున్నాడు. చివరికి లంచం పుచ్చుకున్న అబ్దుల్లా పణీ లోపలి నుంచి తలుపు తీశాడు. కూర్చుని గెలవడం ఔరంగజేబుకి కుదిరింది. నెపోలియన్‌కి కూర్చునే వీల్లేదు, కూర్చున్న చోటే మేత అయిపోతుంది.

పాతపటం

చివరి ప్రశ్న ఒకటి. మాస్కోలో 35 రోజులు ఉన్నాడు. నగరంలో చాలాభాగం కాలిపోయినా నేలమాళిగల్లో తిండి బాగానే దొరికిందంటారు. చలికాలమంతా అక్కడే ఉండిపోయి, వసంతంలో కదిలి ఉంటే?

గుర్రపులాడం

ఈ సలహా అప్పుడే ఇచ్చినవాడున్నాడు. సైన్యం సరంజామా చూసే దారూ, మాస్కోని కోటలా చేసుకుని ఉందాం, మేపలేని గుర్రాల్ని కోసి ఉప్పు వేసి నిలవ చేద్దాం అన్నాడు. నెపోలియన్‌కి నచ్చింది గాని, పారిస్ అన్ని నెలలు తను లేకుండా ఉండదని భయపడ్డాడు.

పారిస్ సంగతి వదిలేసి ఊరికే మేత లెక్క చూడండి. మనుషులకి పిండి, ఎండబెట్టిన చేప, సారా దొరికాయి. ఎండుగడ్డి నేలమాళిగల్లో ఉండదు, పల్లెల్లో ఉంటుంది. అక్టోబర్‌కే మేత తేవడానికి 20, 30 కిలోమీటర్లు పోవాల్సి వచ్చింది. ప్రతి జట్టుకీ కాపలా దళం, కొన్నిసార్లు ఫిరంగి తోడు. కొసాక్కులు (రష్యన్ల తేలిక రౌతులు), పల్లె జనం కాచుకుని ఉండేవాళ్ళు. జట్టు తిరిగి రాకపోతే గడ్డీ పోయినట్టే, దాన్ని తేవడానికి వెళ్ళిన గుర్రాలూ పోయినట్టే. 30,000 గుర్రాలు మిగిలాయనుకున్నా రోజుకి 270 టన్నులు. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆరు నెలలకి 48,000 టన్నుల పైమాట. అంత మేత సేకరించి పెట్టుకున్నది లేదు.

మేలో గడ్డి మొలిచేసరికి బతికున్న సైనికులు చాలామందే ఉండేవాళ్ళేమో. ఫిరంగుల్ని లాగడానికి మాత్రం లాయంలో ఏమీ మిగిలి ఉండేది కాదు.